ఆయుధాల షావుకార్లు, నల్లమల నేల

(నంద్యాలలో ఆదివాసీ యువతీయువకుల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా రాతలో పెట్టాం.)



నాకిచ్చిన విషయం అంతర్జాతీయ ఆయుధాల వ్యాపారం, దాన్ని నడిపిన పారిశ్రామికవేత్తల చరిత్ర. పట్టాలు, తేనె ధర, రేషన్ కార్డుల గురించి మాట్లాడుకోవాల్సిన చోట ఈ జర్మనీ, ఇంగ్లండు కథలేంటని కొందరికి అనిపించి ఉంటుంది. అనిపించడంలో తప్పులేదు. అందుకే మీకు బాగా తెలిసిన దానితోనే మొదలుపెడతా.

నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు వాళ్లకు ఫ్యాక్షన్ అంటే ఏంటో విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక వర్గం ఇంట్లో నాలుగు నాటుబాంబులు ఉన్నాయని తెలిస్తే రెండో వర్గం రాత్రికి రాత్రి ఎనిమిది సంపాదిస్తుంది. అటువైపు ఎనిమిది అని తెలిస్తే ఇటువైపు పదహారు. రెండిళ్లలోనూ మనుషులు పోతారు. పొలాలు బీడు పడతాయి. కోర్టు ఖర్చులకు గొడ్లు అమ్ముకుంటారు. ఈ మొత్తంలో నష్టపోని మనిషి ఒక్కడే, బాంబుకు మందు సప్లై చేసేవాడు. వాడికి ఏ వర్గం మీదా కోపం ఉండదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి భయం తగ్గకుండా ఉంటే వాడికి చాలు.

ఇదే పనిని దేశాల మధ్య చేసి, దానికి సర్ బిరుదు కూడా పొందిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు బాసిల్ జహరాఫ్. 1849లో ఇప్పటి టర్కీలో పుట్టాడు. నార్డెన్‌ఫెల్ట్ అనే కంపెనీ తరఫున ఆయుధాలు అమ్మేవాడు. ఆ కంపెనీ కొత్తగా నీళ్లలో మునిగే ఓడ ఒకటి తయారుచేసింది. అది సరిగ్గా మునగదు, మునిగితే నిలకడగా ఉండదు. 1886 ప్రాంతంలో జహరాఫ్ దాన్ని గ్రీసుకు అమ్మాడు. తర్వాత గ్రీసుకు పగవాళ్లయిన టర్కీ వాళ్ల దగ్గరికెళ్లి, మీ శత్రువు దగ్గర ఒకటుంది, మీకు రెండుండాలి అని రెండు అంటగట్టాడు. టర్కీ దగ్గర రెండున్నాయని రష్యాకు చెప్పి వాళ్లకూ ఒకటి ఇప్పించబోయాడు. రష్యాకు పోయే ఓడ దారిలోనే డెన్మార్క్ ఒడ్డున ఇసుకలో కూరుకుపోయింది. ఆ ఓడల్లో ఒక్కటి కూడా యుద్ధంలో పనికిరాలేదు. అయినా బేరం మాత్రం బేరమే. ఈయన తర్వాత ఇంగ్లండులోని విక్కర్స్ కంపెనీకి పెద్ద దిక్కయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ రాజు దగ్గర బిరుదులు తీసుకున్నాడు. 1936లో మాంటీ కార్లోలో కన్నుమూశాడు. ఏ యుద్ధంలోనూ ఒంటి మీద గీత పడలేదు.

జర్మనీలో క్రుప్ అనే కుటుంబం ఉండేది. ఎస్సెన్ అనే ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ. 1851లో లండన్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనకు ఆల్‌ఫ్రెడ్ క్రుప్ ఉక్కుతో పోసిన ఫిరంగిని పంపాడు. జర్మనీకి ఫ్రాన్స్ అంటే పడదు కదా, ఆ ఫ్రాన్స్ చక్రవర్తికి కూడా 1868లో తన ఫిరంగుల జాబితా పంపాడు, కొంటారా అని. వాళ్లు వద్దన్నారు. రెండేళ్లకు, 1870లో, అవే ఫిరంగులు ఫ్రాన్స్ మీద పేలాయి. ఫ్రాన్స్ కొని ఉంటే ఇరువైపులా క్రుప్ గుండ్లే పేలేవి.

అంతకన్నా చిత్రమైనది ఇంకొకటి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, ఫిరంగి గుండు పేలడానికి వాడే ఫ్యూజు మీద తనకున్న పేటెంటును క్రుప్ కంపెనీ ఇంగ్లండులోని విక్కర్స్‌కు వాడుకోనిచ్చింది, రాయల్టీ మీద. 1914లో జర్మనీకీ ఇంగ్లండుకూ యుద్ధం వచ్చింది. ఇంగ్లండు కోట్ల కొద్దీ గుండ్లు పేల్చింది. యుద్ధం అయిపోయాక క్రుప్ వాళ్లు లెక్కల పుస్తకం తీసి, ఒక్కో ఫ్యూజుకు ఒక షిల్లింగు చొప్పున మాకు రావాలని విక్కర్స్ మీద దావా వేశారు. 1926లో తక్కువ మొత్తానికి రాజీ కుదిరింది. ఒక్కసారి ఆలోచించండి. ఆ గుండ్లకు చచ్చింది జర్మన్ కుర్రాళ్లు, ఆ గుండ్ల మీద రాయల్టీ అడిగింది జర్మన్ షావుకారు. దేశభక్తి గురించి ఉపన్యాసాలు దంచే వ్యాపారి ఎవరైనా కనిపిస్తే నాకు ఈ దావానే గుర్తొస్తుంది.

అమెరికాలో 1934 నుంచి 1936 దాకా సెనేటర్ జెరాల్డ్ నై అధ్వర్యంలో ఒక కమిటీ ఈ వ్యాపారం మీద 93 సార్లు బహిరంగ విచారణ చేసింది. డ్యూపాంట్ లాంటి మందుగుండు కంపెనీల యజమానులను కూర్చోబెట్టి యుద్ధంలో ఎంత లాభం వచ్చిందని అడిగారు. జనం నివ్వెరపోయారు. ఆ కమిటీకి డబ్బులు ఆపేశారు. మళ్లీ పెద్ద యుద్ధం వచ్చింది. అంతే.

ఇవన్నీ రాజ్యాలు రాజ్యాలతో చేసిన బేరాలు. కానీ ఈ ఆయుధాలు ఎక్కువ పేలింది ఎవరి మీద? హైరమ్ మాక్సిమ్ 1884లో తయారుచేసిన మెషిన్‌గన్ ఐరోపా సైనికుల మీదికంటే ముందు ఆఫ్రికా మనుషుల మీద పేలింది. 1893లో ఇప్పటి జింబాబ్వేలో ఎన్‌దెబెలె జనం మీద పేలింది. అక్కడ యుద్ధం చేసింది సెసిల్ రోడ్స్ అనే గనుల వ్యాపారి కంపెనీ. బంగారం కోసం, భూమి కోసం. 1898లో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్‌లో ఒక్క పూటలో పది వేలకు పైగా సూడాన్ వాళ్లు చచ్చిపోతే బ్రిటిష్ వైపు పోయినవాళ్లు యాభై మంది లోపే. అవతలివాళ్లకు ధైర్యం తక్కువేం కాదు. షావుకారు వాళ్లకు ఆ తుపాకీ అమ్మలేదు, అంతే తేడా. ఇంకో రాజ్యానికైతే శత్రువైనా అమ్ముతాడు. నేల మీద బతికే జనానికి మాత్రం అమ్మడు. ఆ నేల కిందిది ఆయనకు కావాలి కాబట్టి.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. ఆయుధానికీ భూమికీ ఉన్న ఈ లెక్క మనకు బయటినుంచి విన్న కథ కాదు. మన జిల్లాలు చేతులు మారిందే ఆ లెక్క మీద.

హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అనే బస్టాపు ఉంది, మీలో కొందరు దిగి ఉంటారు. నిజాం కొలువులో ఫ్రెంచి అధికారి మస్యే రేమో 1795 ప్రాంతంలో అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. తోప్ కా సాంచా అనేవాళ్లు. ఆ రోజుల్లో ఐరోపా కంపెనీలన్నీ ఇదే పనిలో ఉన్నాయి, మన రాజులకు సైన్యం, ఫిరంగి, కవాతు నేర్పే మనిషి, అన్నీ కలిపి అమ్మడం. 1798లో రేమో చనిపోయాడు. ఆ ఏడాదే ఈస్టిండియా కంపెనీ నిజాంతో ఒప్పందం చేసుకుని, ఫ్రెంచి వాళ్ల పటాలాల చేత ఆయుధాలు దింపించి, తన పటాలాలను అక్కడ పెట్టింది. కాపలా మాది, ఖర్చు మీది. ఏటా అంత నగదు కట్టడం నిజాంకు భారమైంది. 1800 అక్టోబరులో ఇంకో ఒప్పందం. డబ్బుకు బదులు బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి రాసిచ్చాడు. కోయిలకుంట్ల తాలూకా అప్పుడు కడప కింద ఉండేది, అదీ అందులో పోయింది.

అంటే ఏమైందన్నమాట? సైన్యం అద్దె కింద జిల్లాలు పోయాయి. లండన్‌లో వాటాదారులున్న ఒక ప్రైవేటు కంపెనీ కాపలాకు మనుషుల్ని పెట్టి, జీతం కింద ఊళ్లు, అడవులు, మనుషులతో సహా పట్టుకుపోయింది. వీటికి దత్త మండలాలు అని పేరు. దానం ఇచ్చినట్టు! ఎవడబ్బ సొమ్మని? ఆ పేరు భరించలేకే 1928లో ఈ నంద్యాలలోనే జరిగిన సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు. అడవిలో ఉన్న చెంచులను ఎవరూ ఏమీ అడగలేదని వేరే చెప్పాలా.

నంద్యాల మాత్రం అప్పటికి కర్నూలు నవాబు కింద ఉంది. నవాబు కంపెనీకి కప్పం కట్టేవాడు. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. ఆయన కోటలో ఫిరంగులు పోయిస్తున్నాడు, మందుగుండు నిల్వ చేస్తున్నాడు, కుట్ర చేస్తున్నాడు అని 1839లో కంపెనీ సైన్యం వచ్చి కోట సోదా చేసింది. లోపల నిజంగానే పెద్ద ఎత్తున ఆయుధాలు దొరికాయి. అక్టోబరులో జొహరాపురం దగ్గర కొట్లాట జరిగింది. నవాబును తిరుచినాపల్లికి పంపేశారు, అక్కడ హత్యకు గురయ్యాడు. కర్నూలు, నంద్యాల కంపెనీవయ్యాయి. నవాబు గొప్పోడని నేననను. రైతుల దగ్గర పన్నులు పిండడంలో ఆయనేం తక్కువ తినలేదు. నా పాయింటు వేరే. ఆయుధాలు కంపెనీ దగ్గర కొని కంపెనీ చెప్పినోళ్ల మీద పేలిస్తే నువ్వు మిత్రుడివి. నీ కోటలో నువ్వే పోత పోసుకుంటే కుట్రదారువి. ఈ రూలు ఇవాళ్టికీ మారలేదు, ప్రపంచ రాజకీయాలు చూసేవాళ్లకు తెలుస్తుంది.

ఏడేళ్లకు, 1846లో, ఆళ్లగడ్డ పక్కనున్న ఉయ్యాలవాడ నుంచి నరసింహారెడ్డి లేచాడు. సినిమా చూసే ఉంటారు. సినిమాలో మనవాళ్లు గుంపులో కనిపించి వెళ్లిపోతారు. నిజానికి ఆయన వెంట నడిచినవాళ్లలో బోయలు, చెంచులు, ఎరుకలు ఉన్నారు. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. చేతిలో ఉన్నది నాటు తుపాకులు, ఈటెలు, విల్లంబులు. అవతల కంపెనీ సిపాయిలు, ఫ్యాక్టరీలో తయారైన తుపాకులు. నల్లమల, ఎర్రమల కొండలు దాచినన్ని రోజులు దాచాయి. అక్టోబరులో పేరుసోముల కొండ దగ్గర పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను 1877 దాకా కోట మీద వేలాడదీశారు. ముప్పై ఏళ్లు! చచ్చిపోయిన మనిషంటే ముప్పై ఏళ్లు భయపడ్డారంటే ఆ కొండల మీద ఎంత భయమో చూడండి.

ఆ తల దింపిన మరుసటి ఏడాది 1878. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, పోటీ పరీక్షలు రాసేవాళ్లకు కూడా పనికొస్తుంది. ఆ ఒక్క ఏడాదిలో బ్రిటిష్ ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. ఒకటి ఆయుధాల చట్టం. లైసెన్సు లేకుండా భారతీయుడు ఆయుధం పట్టకూడదు, తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు. రెండోది అడవి చట్టం. అడవి సర్కారుది, అడుగు పెట్టాలంటే పర్మిషన్. మన మద్రాసు రాష్ట్రానికి అడవి చట్టం 1882లో వేరేగా వచ్చింది. చేతిలోది లాక్కున్నదీ, కాళ్ల కిందిది లాక్కున్నదీ ఒకే ఏడాది. బర్మింగ్‌హామ్‌లో తుపాకుల ఫ్యాక్టరీలు మాత్రం రాత్రింబగళ్లు నడుస్తూనే ఉన్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక మారిందా అంటే, అహోబిలం చూడండి. పారువేట ఉత్సవంలో చెంచులు విల్లు ఎక్కుపెట్టి స్వామి పల్లకీ దగ్గర బాణం వేస్తారు. చెంచులక్ష్మి మొగుడు కాబట్టి నరసింహస్వామి మనకు అల్లుడు, ఆ వరసతో. ఫొటోలు తీసుకుంటారు, పేపర్లో వేస్తారు. అదే విల్లు భుజాన వేసుకుని అభయారణ్యంలోకి పోతే? 1972 వన్యప్రాణి చట్టంలో ఆయుధం అనే మాటకు ఇచ్చిన అర్థంలో తుపాకీ, మందుగుండుతో పాటు విల్లంబులు, వల, ఉచ్చు, కత్తి కూడా ఉన్నాయి. పర్మిషన్ లేకుండా వాటితో లోపలికి పోకూడదు. పులిని కాపాడొద్దని నేననట్లేదు, పులి మనకంటే ఎవరికి బాగా తెలుసు. తేనె కోయడానికి పోయే మనిషి నడుముకున్న కత్తి చట్టం దృష్టిలో ఆయుధమనీ, ఆ మనిషి దాని గురించి జవాబు చెప్పుకోవాలనీ తెలుసుకోమంటున్నా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. ఆయుధాల వ్యాపారం తుపాకీ దుకాణంలో మొదలవదు. భూమిలో మొదలవుతుంది. ఇనుము, రాగి, బాక్సైటు, యురేనియం. ఈ ఖనిజాలు చాలాచోట్ల ఆదివాసీల కాళ్ల కిందే ఉన్నాయి. విశాఖ మన్యం బాక్సైటు కథ పెద్దది, అది ఇంకో రోజు చెప్పుకుందాం. ఇవాళ యురేనియం గురించి ఒక్కటే వివరంగా చెప్తా.

ఆఫ్రికాలో కాంగో దేశం. అప్పుడు బెల్జియం పాలన. షింకోలొబ్వె అనే చోట గని. యజమాని యూనియన్ మినియేర్ అనే బెల్జియం కంపెనీ, దాని పెద్ద ఎడ్గర్ సెన్‌జియే. ప్రపంచంలో ఇంకెక్కడా లేనంత చిక్కటి యురేనియం రాయి అక్కడ దొరికేది. యురేనియంతో బాంబు చేయొచ్చని శాస్త్రవేత్తలు 1939లోనే ఆయన చెవిన వేశారు. ఆయన తెలివైన వ్యాపారి. 1940లో 1,200 టన్నులకు పైగా రాయిని ఓడలెక్కించి న్యూయార్క్ దగ్గర స్టాటెన్ ద్వీపంలో ఒక గోదాములో పెట్టించి ఎదురుచూశాడు. 1942 సెప్టెంబరులో అమెరికా సైన్యం నుంచి కర్నల్ నికల్స్ అనే అధికారి వెతుక్కుంటూ వచ్చాడు. రాయి ఎక్కడుందని అడిగితే, ఈ ఊళ్లోనే ఉంది అన్నాడు సెన్‌జియే. పసుపు కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని బేరం ముగించారు. గదిలో ఇద్దరే మనుషులు, కాంగో వాళ్లు ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత హిరోషిమా మీద పడిన బాంబులో ఎక్కువ భాగం యురేనియం ఆ గనిదే.

సెన్‌జియేకి అమెరికా 1946లో పతకం ఇచ్చింది. ఒక ఖనిజానికి ఆయన పేరు పెట్టారు, సెన్‌జియరైట్ అని. గంపల్లో ఆ రాయి మోసిన, చేతులతో ఏరిన కాంగో కూలీల పేరు ఏ రాయికీ పెట్టలేదు. వాళ్లు ఎంతమంది ఏ జబ్బుతో పోయారో ఎవరూ లెక్కే రాయలేదు.

కెనడాలో గ్రేట్ బేర్ అనే పెద్ద సరస్సు ఒడ్డున డెనె అనే ఆదివాసులు ఉన్నారు. మన చెంచుల్లాగే వేట, చేపలు, అడవి. అక్కడి పోర్ట్ రేడియం గని నుంచి యురేనియం రాయిని గోనెసంచుల్లో వీపున మోసింది డెనె మగవాళ్లు. సంచిలో ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తర్వాత ఏళ్లలో వాళ్లు క్యాన్సర్లతో పోతుంటే ఆ ఊరికి విధవరాళ్ల ఊరు అనే పేరు పడింది. 1998లో ఆ ఊరివాళ్లు కొందరు జపాన్ పోయి, ఆగస్టు 6న హిరోషిమాలో నిలబడ్డారు. మా నేల నుంచి పోయిన రాయి మీ మీద పడిందని దుఃఖం చెప్పుకోవడానికి. మోసినవాళ్లు పోయి బాధ చెప్పుకున్నారు. ఈ కథ ఎప్పుడు చెప్పినా నాకు గొంతు పట్టేస్తుంది, క్షమించండి.

అమెరికాలో నవాహో జనం నేలలో 1944 నుంచి 1986 దాకా దాదాపు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. పూడ్చకుండా వదిలేసిన గనులు ఇప్పటికీ 500కు పైగా ఉన్నాయి. మన దేశంలో జార్ఖండ్‌లోని జాదుగూడ, 1967 నుంచి. సంతాల్, హో జనం ఊళ్లు. మన పక్క కడప జిల్లా తుమ్మలపల్లె ఎలాగూ తెలుసు. బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని అక్కడి రైతులు ఏళ్ల తరబడి చెప్తున్నారు. కంపెనీ కాదంటోంది.

2019లో ఆ బోరు మిషన్ మన వైపు తిరిగింది. కృష్ణకు అవతల అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతుకుతామన్న ప్రతిపాదనకు ఆ ఏడాది మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు రోడ్డెక్కారు. సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. అదే సమయంలో కృష్ణకు ఇవతల ఆళ్లగడ్డ ప్రాంతంలో కూడా యురేనియం కోసం బోర్లు వేస్తున్నారని జనం అడ్డం తిరిగారు.

నల్లమల యురేనియం బాంబులోకే పోతుందని నేననను. కరెంటు కోసమే అని సర్కారు అంటోంది. ఒక్కటి మాత్రం తెలుసుకోండి. అమెరికాతో అణు ఒప్పందం అయ్యాక, మనం బయటి నుంచి కొనే యురేనియం అంతర్జాతీయ తనిఖీ ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. దాన్ని బాంబుకు వాడకూడదు. ఆ తనిఖీ లేనిది దేశంలో తవ్వింది ఒక్కటే. అంటే కరెంటుకైనా బాంబుకైనా స్వేచ్ఛగా వాడుకోగలిగింది జాదుగూడ రాయి, తుమ్మలపల్లె రాయి. రేపు తవ్వితే నల్లమల రాయి. అందుకే బయట అంత దొరుకుతున్నా ఇక్కడి రాయి మీద మోజు.

ఇక ఇప్పటి షావుకార్లు. ప్రపంచ దేశాలన్నీ కలిసి 2024లో సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2 లక్షల 71 వేల కోట్ల డాలర్లకు పైనే. 2020 నుంచి 2024 వరకు చూస్తే ఆయుధాలు కొనే దేశాల్లో ఉక్రెయిన్ తర్వాత మనదే రెండో స్థానం. ఇప్పుడు అమ్మడం కూడా మొదలైంది. 2024-25లో మన దేశం నుంచి ఎగుమతైన ఆయుధాలు, సామగ్రి విలువ 23,622 కోట్ల రూపాయలు. అందులో 15 వేల కోట్లకు పైగా ప్రైవేటు కంపెనీలది. ఆయుధాల వ్యాపారానికి కట్టడి ఉండాలని 2013లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం చేస్తే ఓటింగులో మన దేశం ఎటూ వేయలేదు.

హైదరాబాద్‌లో 2018 డిసెంబరులో అదానీ కంపెనీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ కంపెనీతో కలిసి డ్రోన్ల ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడ తయారైన డ్రోన్లు ఇజ్రాయెల్‌కు చేరాయని 2024 ఫిబ్రవరిలో, గాజా మీద బాంబులు పడుతున్నప్పుడు, పత్రికల్లో వచ్చింది. ఇంకా దగ్గరికి రండి. పక్కనే కర్నూలు జిల్లాలో డీఆర్‌డీవో వాళ్ల ఆయుధాల పరీక్షా స్థలం ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కాల్చి పడేశారు. జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని పరీక్షించారు. దాని తయారీలో భాగస్వాములు ప్రభుత్వ బీడీఎల్, ఇంకా అదానీ డిఫెన్స్. 1839లో ఫిరంగులు దొరికాయని నవాబును పట్టుకుపోయిన కర్నూలే ఇది.

మరి దేశానికి రక్షణ వద్దా అని మీలో ఒకరైనా అడుగుతారు. అడగాలి. మన పిల్లలు కూడా సైన్యంలో ఉన్నారు, సరిహద్దులో నిలబడేది వాళ్లే. కానీ రక్షణ వేరు, రక్షణ పేరుతో నడిచే వ్యాపారం వేరు. సరిహద్దులో నిలబడిన కుర్రాడి జీతం ఎంత, ఆ కుర్రాడి చేతిలోని తుపాకీ అమ్మిన కంపెనీ లాభం ఎంత? ఆ తుపాకీకి లోహం తవ్విన కొండ ఎవరిది, తవ్వేముందు ఆ కొండ మీది వాళ్లను అడిగారా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా దేశం, దేశం అనేవాళ్లను చూస్తే నాకు ఆ ఫ్యూజు దావానే గుర్తొస్తుందని ఇందాకే చెప్పా.

ఉద్యోగాలొస్తాయి అంటారు. నిజమే, కొన్ని వస్తాయి. లేజర్ ఆయుధం తయారీలో మన పెంటల పిల్లలకు ఏ ఉద్యోగం వస్తుందో మీరే చెప్పండి. ఐటీఐ చదివినవాళ్లు చేతులెత్తండి. ఎంతమంది? సరే, దించండి.

అడగడం అనే ముక్క దగ్గరే ఇవాళ దెబ్బ పడుతోంది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఆ మినహాయింపు అడిగింది రక్షణ శాఖ, అణుశక్తి శాఖ. తుమ్మలపల్లె గనికి ముందు కనీసం మీటింగు పెట్టి మైకు ఇచ్చారు. ఇకమీద ఆ మైకు కూడా ఉండదు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని మార్చినప్పుడు, భద్రత పేరుతో కట్టే వాటికి 10 హెక్టార్ల దాకా మినహాయింపు పెట్టారు.

ఇంకో చిక్కు మన నంద్యాలకు ప్రత్యేకం. కృష్ణకు అవతల అమ్రాబాద్ చెంచుల ఊళ్లు ఐదో షెడ్యూల్ ప్రాంతం. అక్కడ పెసా చట్టం ఉంది, 1997 నాటి సమతా తీర్పు అండ ఉంది. ఇవతల, ఒకప్పటి మద్రాసు రాష్ట్రం వైపు, నంద్యాల జిల్లాలో ఒక్క చెంచుగూడెం కూడా షెడ్యూల్డ్ ఏరియాలో లేదు. ఒకే అడవి, ఒకే జనం, అటూ ఇటూ వియ్యాలు. ఏరు దాటితే హక్కు పోతుంది. అక్కడ నిజాం, ఇక్కడ కంపెనీ గీసుకున్న గీత అది, 1800 నాటిది. ఆ గీత ఇప్పటికీ మనల్ని కొడుతోంది. ఇవతలి చెంచుగూడేలను షెడ్యూల్‌లో చేర్చాలన్న డిమాండ్ పాతదే, దాన్ని మీ తరం మళ్లీ గట్టిగా ఎత్తుకోవాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం. అది షెడ్యూల్డ్ ఏరియా అయినా కాకపోయినా వర్తిస్తుంది. అందులో సెక్షన్ 3(1)(ఇ) అని ఉంది. చెంచుల్లాంటి ఆదిమ తెగలకు తాము తరతరాలుగా తిరిగే మొత్తం ప్రాంతం మీద ఆవాస హక్కు ఇస్తుంది. ఇల్లు, రెండెకరాల చెక్క మాత్రమే కాదు. తేనెచెట్టు, గడ్డలు తవ్వే తావు, దేవుడి గుట్ట, అన్నీ. మధ్యప్రదేశ్‌లో డిండోరి వైపు బైగాలు సాధించుకున్నారు. ఆ హక్కు కాగితం మీద ఉంటే రేపు బోరు మిషన్ వచ్చినప్పుడు, ఇది ఎవరి నేల అనే ప్రశ్నకు మీ దగ్గర రాతపూర్వకమైన జవాబు ఉంటుంది. ప్రజాభిప్రాయ సేకరణ ఎత్తేసే ఉత్తర్వు ఈ చట్టాన్ని ఎత్తేయలేదు.

దీనికి గ్రామసభ కావాలి. సభ్యుల్లో సగం మంది హాజరు ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అటవీ హక్కుల కమిటీ ఉండాలి. చాలా గూడేల్లో కమిటీ ఉందని కాగితం మీద ఉంటుంది, అందులో ఎవరున్నారో గూడెంలో ఎవరికీ తెలీదు. తీర్మానాల పుస్తకం పంచాయతీ సెక్రటరీ బీరువాలో ఉంటుంది. ఇంటికి పోగానే ముందు ఆ పుస్తకం ఎక్కడుందో కనుక్కోండి. సెక్రటరీ గారిని మర్యాదగానే అడగండి, ఇవ్వకపోతే అర్జీ రాసి రసీదు తీసుకోండి.

సామూహిక హక్కులకు పెట్టాల్సింది ఫారం బి. భోజనాలయ్యాక అన్నవాళ్లు అది ఎలా నింపాలో చూపిస్తారు. మీ గూడెం ముసలోళ్లు చెప్పిన గుట్టలు, వాగులు, చెలమల పేర్లు రాసుకొచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చోండి. రాసుకురానివాళ్లు ఈ పూటే ఫోన్ చేసి అడిగి రాసుకోండి.